గుడ్డిరాణికి కళ్ళొచ్చిన వైనం

ఇలా దగ్గరికి జరగండమ్మా, ఇంకొంచెం. ఆ టీవీ నోరు కాసేపు నొక్కండి. అది చెప్పే కథ ఎక్కడికీ పోదు. పోయినా రేపు ఇంకో రకంగా తిరిగొస్తుంది. ఇది మాత్రం ఎన్నిసార్లు అడిగినా ఒక్కలాగే ఉంటుంది, వినండి.

పలాసలో ఒక జీడిపప్పు షెడ్డు ఉంది. పైన రేకులు, కింద గోనెపట్టాలు, పట్టాల మీద నలభై మంది ఆడవాళ్ళు. కాల్చి కొట్టిన పప్పు మీద ఎర్రపొర ఉంటుంది చూడండి, ఉల్లిపొర కంటే పల్చన, దాన్ని గోటితో, చిన్న కత్తితో గీకి తియ్యాలి. పప్పు విరక్కూడదు. గుండు పప్పు ఒక చేట, విరిగిన బద్ద ఇంకో చేట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. చేతులకి తీరికుండదు, చెవులకి పనుండదు. అందుకని ఆ షెడ్డులో ఒక ఆచారం పుట్టింది. రాత్రి టీవీలో వచ్చిన సీరియల్ని తెల్లారి కూర్మమ్మ చెబుతుంది, మిగతావాళ్ళు పొర తీస్తూ వింటారు. చెప్పేటప్పుడు చేతులాడించకపోతే కూర్మమ్మకి కథ రాదు. చేతులు గాల్లో ఆడితే పప్పు ఎవరు ఒలుస్తారు? అందుకని విన్న ప్రతి మనిషీ సాయంత్రం తన చేటలోంచి ఒక పిడికెడు గుండు పప్పు కూర్మమ్మ చేటలో పోస్తుంది. కథకి పిడికెడు అంటారు దాన్ని. విననివాళ్ళు పొయ్యక్కర్లేదు. కాని ఆ షెడ్డులో విననివాళ్ళెవరూ లేరు.

కూర్మమ్మకి అరవై దాటాయి. రెండో తరగతిలో పలక పగిలింది, చదువు అక్కడితో సరి. జ్ఞాపకం మాత్రం పగల్లేదు. ఎవరి బారసాలకి ఎవరు ఏ చీర కట్టారో, ఏ పెళ్ళిలో పప్పుచారు మాడిందో అన్నీ ఉన్నాయి ఆ బుర్రలో. 'నీలిగద్ద కోట' అని జేగంట టీవీలో నాలుగేళ్ళు నడిచిన సీరియల్ ఉందే, దాని తొమ్మిదివందల పన్నెండు భాగాలూ ఉన్నాయి.

ఆ కథలో హైమవతి అని ఒక రాణి. పుట్టుగుడ్డిది. మూడు రోజుల పసికందుగా ఉన్న కొడుకుని శత్రువులు ఎత్తుకుపోతారు. ఇరవయ్యేళ్ళ తర్వాత ముగ్గురు కుర్రాళ్ళు సభకొచ్చి ఎవరికి వారు నేనే నీ కొడుకునంటారు. మంత్రులు ఉంగరాలు చూశారు, పుట్టుమచ్చలు చూశారు, ఎటూ తేల్చలేకపోయారు. రాణి సింహాసనం దిగి తడుముకుంటూ వచ్చి ముగ్గురి చెవులూ పట్టుకు చూసింది. మూడోవాడి ఎడమ చెవి అంచున చిన్న నొక్కు, పసికందుగా ఉన్నప్పుడు తడిమి గుర్తుపెట్టుకున్నదే. అంతే, వాణ్ణి గుండెలకి హత్తుకుంది.

ఈ భాగాన్ని అసిరి పదకొండు సార్లు చెప్పించుకుంది. అసిరి అంటే అసిరితల్లి, కూర్మమ్మ పక్క పట్టా మీద కూర్చునే పిల్ల. పాతికేళ్ళుంటాయి. అదీ పుట్టుగుడ్డిదే. వేళ్ళతో చూసే పిల్ల కాబట్టి దాని చేతిలో పప్పు విరగదు. టీవీ బొమ్మలాడే పెట్టెగా దాని బతుకులోకి రాలేదు, కూర్మమ్మ గొంతుగా వచ్చింది. "నా రాణి" అనేది హైమవతిని. రాజుల కథల్లో తనలాంటిది ఒకతి ఉందని, అదీ సింహాసనం మీదుందని ఆ పిల్లకి మహా గర్వం.

సీరియల్ అయిపోయిన రెండేళ్ళకి జేగంట టీవీవాళ్ళు ఊరూరా పెద్ద పెద్ద బొమ్మలు కట్టారు. 'నీలిగద్ద కోట: మునుపటి కథ' అట. రాణికి పెళ్ళి కాక ముందు, కోటకి గద్ద పేరు రాక ముందు ఏం జరిగిందో ఇప్పుడు చూపిస్తారట. షెడ్డంతా సంబరపడింది. మొదటి భాగం వచ్చిన తెల్లారి కూర్మమ్మ గొంతు సవరించుకుంది.

"ఇనండర్రా. అడివి. గుర్రమ్మీద ఒక పిల్ల. పదారేళ్ళుంటాయి. ఆకాసం కేసి బాణం ఎక్కుపెట్టినాది. ఎగిరే కొంగని కొట్టి పడీసినాది."

"ఎవులప్పా ఆ పిల్ల?" అంది ఎర్రయ్యమ్మ, ఎదుటి వరసలోంచి.

కూర్మమ్మ ఎక్కుపెట్టిన చేతులు దించింది. "హైమవతి."

"ఏ హైమవతి?"

"మన హైమవతే."

అసిరి చేతులు ఆగాయి. "కొంగ అరిసినాదేటి పెద్దమ్మా? అరుపు ఇని కొట్టినాదా?"

లేని అరుపు ఒకటి పెట్టేస్తే పోయేది. కాని ఉన్నది ఉన్నట్టు చెప్పడమే కూర్మమ్మ ఎరుగును. "అరవనేదే. సూసే కొట్టినాది. తరవాత ఉత్తరం కూడా సదివినాది."

అసిరి చేతిలో పప్పు రెండు బద్దలయింది. ఆ చిన్న చప్పుడు షెడ్డంతా విన్నారు.

"మరి నా రాణికి కళ్ళెప్పుడొచ్చినాయి?"

దానికి జవాబు రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అని చూశారు. వచ్చింది జవాబు కాదు, ఇంకా ఇంకా వింతలొచ్చాయి. పాత కథలో రాణి పుట్టకముందే పోయిన తండ్రి ఈ కథలో ఆమె పెళ్ళికి అక్షింతలు వేశాడు. వందేళ్ళకి ఒక్కసారి గుడ్డు పెట్టే నీలిగద్ద మొదటి వారంలోనే మూడు పెట్టింది. ఏనుగుల మీద నెల పట్టే దూరాన్ని సేనాపతి సబ్బు ప్రకటన అయ్యేలోపు వెళ్ళి వచ్చేశాడు, మీసం కూడా చెదరలేదు.

"కూర్మప్పా, ఒకేళ నువ్వే కునుకు తీసీసి ఆ గుడ్డితనం కల గన్నావేమో?" అంది ఎర్రయ్యమ్మ. నవ్వుతూనే అంది. కాని నలుగురు నవ్వారు. తొమ్మిదివందల పన్నెండు పొద్దుల మాట మీద అనుమానం పడ్డం అదే మొదలు. కూర్మమ్మ ఊరుకోలేదు.

ఆ ఎర్రయ్యమ్మ ఫోనే అడిగి తీసుకుని కూర్మమ్మ జేగంట టీవీకి చేసింది. "మీ అభిప్రాయం మాకు అమూల్యం" అంది అవతలి గొంతు. "ప్రశంస అయితే ఒకటి నొక్కండి. గాఢమైన ప్రశంస అయితే రెండు నొక్కండి."

"తిట్టుకేటి నొక్కాల?" అని అడిగింది కూర్మమ్మ. ఆ గొంతు మళ్ళీ మొదటికొచ్చింది. లాభం లేదని నలభై వేలిముద్రలతో ఉత్తరం రాయించి పంపించారు.

ఉత్తరానికి జవాబు రాలేదు. పది రోజులకి మనిషే వచ్చాడు. జీపు, గుడారం, గుడ్డ పరిచిన బల్ల, గుడారానికి పెద్ద అక్షరాలు: 'స్మృతి సమన్వయ శిబిరం'. కంటి శిబిరమనుకుని పక్క వీధి ముసలాయన ఒకడు ముందే వచ్చి వరసలో నిలబడ్డాడు.

"నా పేరు హేమసుందర్. స్మృతి సమన్వయాధికారిని" అన్నాడు వచ్చినాయన, చేతులు జోడించి. "మీ ఫిర్యాదును సంస్థ అత్యంత సానుభూతితో పరిశీలించింది. పరిశీలనలో తేలినది ఏమనగా, కథలో ఎట్టి లోపమూ లేదు. లోపము జ్ఞాపకములో ఉన్నది."

"ఎవుల జ్ఞాపకంలో బాబూ?"

"మీ జ్ఞాపకములో. కంగారు పడకండమ్మా, ముదరక ముందే వచ్చాం."

కూర్మమ్మ తెల్లబోయింది. "మీ రాసీవోలు పాత కథ సూడనేదేటి?"

"చూడనివ్వం. అది మా విధాన నిర్ణయం. పాత కథ చూసినచో ఊహాశక్తి కలుషితమగును. రచయితల ఎంపికలో మా మొదటి ప్రశ్న అదే. చూశామన్నవారిని అక్కడికక్కడే పంపివేశాం. ఒకాయన, తాను చూడలేదు గాని వాళ్ళమ్మ చూసేదన్నాడు. ముందుజాగ్రత్తగా ఆయన్ని కూడా తిరస్కరించాం."

పరీక్షలు మొదలయ్యాయి. ఎర్రయ్యమ్మకి మూడు ప్రశ్నలకి ఒకటి గుర్తుంది. 'స్వల్ప స్మృతి, విశ్రాంతితో తగ్గును' అని రాసుకున్నాడు. కూర్మమ్మ వంతు వచ్చింది. నాలుగువందల మూడో భాగంలో రాజుగారు ఏం తిన్నారని అడిగాడు.

"ఏటీ తిననేదు బాబూ. ఆ దినం ఏకాదసి. సేనాపతి బారియ మాత్రం సాటుగా అరిసెలు తిన్నాది. రెండు."

ఆయన కలం కింద పెట్టాడు. ముఖం గంభీరమైంది. "ఇది ఎప్పటినుంచి ఉంది?"

"పుట్టినకాడ్నించి."

"ఇంట్లో ఇంకెవరికైనా?"

"మాయమ్మకుండీది. మాయమ్మ తల్లికి ఇంకా ఎక్కువ."

"వంశపారంపర్యం" అని రాసి కింద రెండు గీతలు గీశాడు. "మీది అధిక స్మృతి. మీరొక్కరే కాదు, మీ మాట విన్నవారికి కూడా అంటుకుంటోంది."

తర్వాత అసిరిని కూర్చోబెట్టాడు. ఒక కాగితం దాని చేతికిచ్చి పావుగంట మాట్లాడాడు. వీక్షకుల బాధ్యత గురించి, కథ యొక్క సార్వభౌమత్వం గురించి. అసిరి కాగితాన్ని వేళ్ళతో నిమురుతూ ఊఁ కొట్టింది.

"మూడో పేరా చూశారా అమ్మా?"

"సూస్తన్నాను బాబూ."

"ఎలా ఉంది?"

"మెత్తగా ఉంది."

"సంతృప్తికరం" అని రాసుకున్నాడు.

షెడ్డులో ఎవరో ఫక్కుమన్నారు. కూర్మమ్మ ఉండబట్టలేక చెప్పేసింది. "బాబూ, దానికి కళ్ళు నేవు. పుట్టుగుడ్డి."

హేమసుందర్ అప్పుడు చూశాడు అసిరి ముఖంలోకి, అదే మొదటిసారి. చటుక్కున కాగితం లాక్కుని నిబంధనల పుస్తకం తిరగేశాడు. "దృష్టి లేనివారు చూడజాలరు. చూడజాలనివారు వీక్షకులు కారు. వీక్షకులు కానివారికి ఈ కథ జ్ఞాపకముండుట అసంభవం" అని చదివి జాబితాలో అసిరి పేరు కొట్టేశాడు. "నువ్వు వెళ్ళవచ్చునమ్మా. నీకేమీ లేదు."

మిగిలినవాళ్ళందరికీ తలా ఒక పత్రం. దాని పేరు విస్మరణ ధ్రువపత్రం. 'పాత కథలో రాణిగారి దృష్టి విషయమై గాని, తదితర విషయములపై గాని నాకు ఏమియు జ్ఞాపకము లేదని, ఇకపై ఉండబోదని ఇందుమూలముగా' అని ఉంది అందులో. ముప్ఫై తొమ్మిది మందిలో ముప్ఫై ఎనిమిది మంది వేలిముద్రలు వేశారు. కూర్మమ్మ వెయ్యలేదు.

షెడ్డు మేస్త్రీ గంగులు పరిగెత్తుకొచ్చాడు. అందరూ వేలిముద్రలేస్తే ఆఖరి భాగంలో కృతజ్ఞతలు చెప్పేటప్పుడు ఈ షెడ్డుని టీవీలో చూపిస్తామని హేమసుందర్ మాటిచ్చాడు. తమ బస్తా మీదున్న ఏనుగు బొమ్మ టీవీలో కనబడాలని షెడ్డు యజమానికి ఎప్పటినుంచో కోరిక.

"ఏలిముద్ర ఏసీ పిన్నీ" అన్నాడు గంగులు. "నువ్వెయ్యకపోతే రేపట్నించి షెడ్డులో కథలు నేవు. నోరు మూసుకుని పొర తీసుకోవడమే. యజమాని మాట ఇది, నాది కాదు."

కూర్మమ్మ అసిరి కేసి చూసింది. కథల్లేని షెడ్డులో ఆ పిల్ల పొద్దు ఎలా గడుస్తుంది? ఆ ఒక్క ఆలోచనతోనే బొటనవేలు సిరాలో ముంచింది.

"ఏసీసినావా పెద్దమ్మా?"

"ఏసినానే. నీకోసరమే ఏసినాను. ఏస్తేనే కథుంటాది."

"ఏ కథ?" అంది అసిరి.

కూర్మమ్మ సిరా వేలు చీరకి తుడుచుకుంది. గంగులు ఆ పత్రానికి అద్దం కట్టించి సరిగ్గా ఆవిడ పట్టా పైన మేకుకి తగిలించాడు.

ఆ తర్వాత పాత రాణి పేరెత్తితే పత్రం చూపించేవాడు గంగులు. కూర్మమ్మ కొత్త కథే చెప్పేది, ఉప్పు మర్చిపోయిన కూరలాగ. అసిరి తన గోనెపట్టా చుట్టుకుని అవతలి గోడ దగ్గరికి మారిపోయింది. సాయంత్రం పిడికెడు కూడా పొయ్యలేదు.

"ఇంటేనే కదా పిడికెడు" అంది. "నాను ఇనడం నేదు."

ఆ షెడ్డు పుట్టాక విననిదంటూ ఒకతి ఉండడం అదే మొదలు. కూర్మమ్మ చేటలో ఆ ఒక్క పిడికెడు వెలితి ఇంకెవరికీ కనబడలేదు గాని, ఆవిడకి రోజూ కనబడేది.

ఇదిలా ఉండగా జేగంట టీవీలో శిబిరాలకి మంచి పేరొచ్చింది. ఫిర్యాదులు తగ్గాయి కదా! ఇంత మంచి వైద్యం వీక్షకులకి మాత్రమే ఎందుకని సంస్థలో వాళ్ళందరికీ పెట్టించారు. రచయితలు ప్రతి సోమవారం వేలిముద్ర వెయ్యాలి, గడిచిన వారం రాసింది జ్ఞాపకం లేదని. పాత సీరియల్ తొమ్మిదివందల పన్నెండు భాగాలనీ 'విరుద్ధ సాక్ష్యము' అని తేల్చి చెరిపేశారు. ఇంక చూడండి. మంగళవారం తల తెగిన సామంతరాజు గురువారం విందులో తాంబూలం వేసుకున్నాడు. యువరాజు రెండుసార్లు పుట్టాడు, రెండోసారి తల్లి వేరు. ఒక భాగంలో అందరూ కలిసి ఒక పెట్టె కోసం యుద్ధం చేశారు. పెట్టెలో ఏముందో ఎవరికీ గుర్తు లేక మూత తియ్యకుండానే ముగించారు.

జీడిపిక్కల కొత్త పంట దిగే రోజుల్లో ఒక మధ్యాహ్నం హేమసుందర్ మళ్ళీ వచ్చాడు. ఈసారి గుడారం లేదు. గడ్డం మాసిన మనిషినొకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు, రచయితల నాయకుడట.

"అమ్మా కూర్మమ్మగారూ" అన్నాడు, నిలబడే. "వచ్చే ఆదివారం ఆఖరి భాగం. మునుపటి కథ అసలు కథ మొదటికి వచ్చి కలవవలసి ఉన్నది. ఎక్కడ కలవవలెనో సంస్థలో ఎవరికీ తెలియుట లేదు. తాము దయచేసి..."

కూర్మమ్మ తల పైకెత్తి మేకుకున్న పత్రం చూపించింది. "నాకేటీ జ్ఞాపకం నేదు బాబూ. ఇకముందు కూడా ఉండదంట. మీరే రాసిచ్చినారు కదా?"

"అది రద్దు చేయిస్తాం!"

"సేయించండి మరి."

"రద్దుచేయు అధికారం సంస్థలోని ఒక సంఘానికి ఉన్నది" అన్నాడు, చెమట తుడుచుకుంటూ. "సంఘ సభ్యులెవరో... అది కూడా సంస్థలో ఎవరికీ జ్ఞాపకం లేదు."

రచయితల నాయకుడు గోనెపట్టా మీద కూలబడిపోయాడు. "నాకు మా అమ్మ పేరొక్కటీ గుర్తుందండీ" అన్నాడు. "అది కూడా వచ్చే సోమవారం దాకానే."

ఎర్రయ్యమ్మ చీరచెంగు నోట్లో కుక్కుకుంది. కూర్మమ్మకి ఒకపక్క జాలేసింది. చెబుదామా అని నోటిదాకా వచ్చింది. కాని గంగులు అప్పటికే పత్రం కింద నిలబడి ఉన్నాడు.

అప్పుడు గోడ దగ్గర్నించి వినబడింది. "నాను సెప్పొచ్చా బాబూ?"

అందరూ తిరిగారు.

"నన్ను మీరు కొట్టీసినారు కదా. నాను ఏలిముద్ర ఎయ్యనేదు. నాకు జ్ఞాపకముండదని మీ పుస్తకంలో ఉంది. జ్ఞాపకం ఉండనిదాన్ని ఎవులు అడ్డుకుంటారు?"

హేమసుందర్ పుస్తకం తీశాడు. ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ తిప్పాడు. అడ్డు చెప్పే నిబంధన ఒక్కటీ దొరకలేదు. "అభ్యంతరము లేదు" అన్నాడు, ప్రాణం లేచొచ్చినట్టు.

"అయితే కూకోండి. కింద. ఇక్కడ ఇన్నోళ్ళు పిడికెడు పొయ్యాల. గుండు పప్పు."

టైలూ బూట్లతో ఇద్దరూ గోనెపట్టాల మీద కూర్చున్నారు. చేటలిచ్చారు, కత్తులిచ్చారు. అసిరి మొదలుపెట్టింది. మొదటి భాగం నుంచి, కోట గుమ్మం మీద నూనె దీపం నుంచి. కూర్మమ్మ వింటూ కూర్చుంది. తన మాటలే, తను ఎక్కడ ఊపిరి తీసుకునేదో అక్కడే ఊపిరి. ఏకాదశి నాటి అరిసెలు కూడా వదల్లేదు. రెండు రోజులు పట్టింది. పదకొండు సార్లు విన్న ఆ చెవి నొక్కు భాగం దగ్గర అసిరి ఆగి, కూర్మమ్మ ఉన్న వైపు ముఖం తిప్పి, ఆ తర్వాత చెప్పింది.

రచయితల నాయకుడు ముక్కు చీదుకున్నాడు. అంతలో వెంట తెచ్చిన కొత్త కథ కాగితాలు తిరగేశాడు. "అమ్మా, మేము రాణిగారి చేత ఉత్తరం చదివించేశామే! లోకమంతా చూసింది. పుట్టుగుడ్డి అని ఇప్పుడెలా అనేది?"

"సదవనేదు" అంది అసిరి.

"చూపించామమ్మా!"

"కాయితం పట్టుకున్నట్టు సూపించినారు. ఉత్తరం సెలికత్తె ముందే సదివి సెప్పీసినాది. రాణి తలకిందులుగా పట్టుకుని అదే ఒప్పసెప్పినాది. కొంగనీ సెలికత్తే కొట్టినాది, ఎనకాల్నించి. అందరూ కొంగని సూసినారు గాని బాణం ఎవులిదో ఎవులు సూసినారు?"

"సభలో అంతమంది ఉండగా," అన్నాడు హేమసుందర్, "రాణిగారు గుడ్డివారని ఒక్కరైనా గమనించరా? అది అసహజము కాదా?"

అసిరి నవ్వింది. "బాబూ, మీరు నా సేతికి కాయితమిచ్చి పావుగంట మాటాడినారు."

హేమసుందర్ చేతిలో పప్పు విరిగింది. తల ఎత్తలేదు ఆయన. ఆ విరిగిన రెండు బద్దలనీ జాగ్రత్తగా చేటలో వేశాడు.

"మరి పెళ్ళిలో అక్షింతలేసిన తండ్రి సంగతి?" అన్నాడు రచయిత, భయం భయంగా.

"అది మీరు సూసుకోండి. నాకు రాణి ఒక్కర్తే కావాల."

ఆదివారం ఆఖరి భాగం వచ్చింది. రాణి మొదటి భాగం నాటి ఆ ఉత్తరమే పట్టుకుని నిలబడింది. కెమెరా మెల్లగా చుట్టూ తిరిగి ఉత్తరం మీదికొచ్చింది. అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. వెనక చెలికత్తె పెదాలు కదుపుతోంది. తెర మీద ఏనుగు బస్తా కూడా రెండు క్షణాలు కనబడిందట, గంగులు తప్ప ఎవరూ చూడలేదు.

తెల్లారి అసిరి గోనెపట్టా తిరిగి కూర్మమ్మ పక్కకొచ్చింది. టీవీవాళ్ళిద్దరూ ఒలిచి వెళ్ళిన పప్పు చేటలు తెచ్చి కూర్మమ్మ ముందు గుమ్మరించింది. హేమసుందర్ చేటలో గుండు పప్పు ఒక్కటీ లేదు, అన్నీ బద్దలే.

"ఇదేటే? నువ్వు కదా సెప్పినావు, పిడికెడు నీది" అంది కూర్మమ్మ.

"కథ నీది పెద్దమ్మా. నాను మోసినాను, అంతే. సెప్పు, రాత్రి నా రాణి ఏటి సేసినాది?"

కూర్మమ్మ ఒకసారి పైనున్న పత్రం కేసి చూసింది. ఆ మేకు గట్టిదని గుర్తొచ్చి, చేతులు తుడుచుకునే తడి గుడ్డ తీసి దానిమీద ఆరేసింది. పత్రం కనబడకుండా పోయింది. గొంతు సవరించుకుంది.

ఆ గుడ్డ ఇంకా అక్కడే ఆరుతోందో లేదో నాకు తెలీదమ్మా. మీరు మాత్రం ఈ కథ ఎక్కడా పోగొట్టుకోకండి. కొంగని కొంగగానే ఉంచి, అరిసెలు రెండే ఉంచి, రేపు మీ పక్కన కూర్చున్నవాళ్ళకి చెప్పండి. చెప్పాక పిడికెడు అడగడం మర్చిపోయేరు.